పేటెంటు చెప్పులు

పోయిన వారం మన దామోదర్ సారును మదనపల్లెలో సన్మాన వేదిక మీద, మెడలో శాలువాతో, చేతిలో మైకుతో వదిలిపెట్టాం. ఇక ఆయన్ని కిందికి దించాలి. వీధి వీధంతా కలిసి ఎక్కించిన మనిషిని దించడం అంత తేలిక కాదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకు నాలుగు మాటలు. దామోదర్ కుప్పం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాడు. తండ్రి చెంగల్రాయుడు హమాలీ పని చేసి చేసి పోయాడు. తల్లి పూలమ్మ మదనపల్లె టమోటా మార్కెట్లో కాయలు ఏరే కూలికి పోయి కొడుకును చదివించింది. ఆ వీధిలో పిహెచ్.డి. చేసిన మొదటివాడు అతనే. ఈమధ్య అతనికి పేటెంట్లు వచ్చాయని పేపర్లో పడింది. ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు. టమోటాను తాకకుండానే పక్వం చెప్పే యంత్రం, గుండె దడ లెక్కపెట్టే చేతిగాజు, డ్రైవరు కునుకు తీస్తే బండి ఆపేసే హెల్మెట్, బోరులో నీళ్ళెంత ఉన్నాయో ఫోనుకు చెప్పే పరికరం, షుగరు జబ్బు మనిషి పాదంలో పుండును ముందే పసిగట్టి నయం చేసే చెప్పులు. ఇన్ని రంగాల్లో ఒకే బుర్ర ఎలా తిరిగిందని ఎవరూ అడగలేదు. మనవాడు గొప్పవాడని నమ్మాలని ఉన్నప్పుడు ఆ ప్రశ్న ఎవరికి తడుతుంది?

నిజం ఇద్దరికే తెలుసు. దామోదర్‌కు, అతని భార్య సుమలతకు. వాటిలో ఏదీ అతను కనిపెట్టింది కాదు. ప్రమోషన్ కావాలంటే పేటెంట్లు చూపించాలని కాలేజీ పట్టుబట్టింది. వాట్సాప్ గ్రూపులో ఒక ఏజెంటు ఒక్కో దరఖాస్తులో పేర్లకు చోట్లు పెట్టి సినిమా హాల్లో సీట్లలాగా అమ్ముతున్నాడు. మనవాడు ఒక్కోదాంట్లో వెనక వరుస సీటు ఒకటి కొనుక్కున్నాడు. పక్క సీట్లలో ఎవరున్నారో అతనికి ఈ రోజుకూ తెలీదు.

పోనీ అక్కడితో ఆగాడా? అమ్మను వేదిక మీద పక్కన నిలబెట్టుకున్నాక, ఎదురుగా మార్కెట్ ఆడవాళ్ళంతా కళ్ళప్పగించి చూస్తుంటే, రాసుకున్న కాగితంలో లేని మాట ఒకటి నోటికొచ్చింది. "మార్కెట్ తడిలో నిలబడి నిలబడి తిమ్మిరెక్కిన మా అమ్మ కాళ్ళు చూసే ఈ చెప్పులు కనిపెట్టాను" అన్నాడు. జనం ఆగకుండా చప్పట్లు కొట్టారు. పూలమ్మ పైటకొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ మాటను నమ్మి ఈ ఆదివారం తెల్లవారగానే పుంగనూరులో ఒక మనిషి కుప్పం బస్సెక్కింది.

*

తలుపు తీసింది సుమలత. గడప ముందు నల్ల బుర్ఖాలో, చేతిలో గుడ్డసంచితో కమరున్నీసా నిలబడి ఉంది. ముసుగు పైకి తీసి నవ్వింది. బస్సు కుదుపులకు ముఖం వాడిపోయినా ఆ నవ్వులో మాత్రం అలసట లేదు.

"దామూ ఉండాడామ్మా?"

లోపల పేపరు చదువుకుంటున్న దామోదర్ ఆ గొంతు విని లేచి వచ్చాడు. ఆ గొంతు అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె భర్త నూరుల్లా ఒకప్పుడు వారానికోసారి పుంగనూరు నుంచి వచ్చి, మదనపల్లె మార్కెట్ గేటు ముందు గోనెపట్టా పరిచి తాను కుట్టిన చెప్పులు అమ్మేవాడు. అమ్ముడుపోనివి మూట కట్టి పూలమ్మ ఇంట్లో పెట్టి పోయేవాడు. పూలమ్మ అతన్ని అన్నా అంది కాబట్టి దామోదర్‌కు అతను మామ అయ్యాడు, కమరున్నీసా అత్త అయింది. ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు తిరుపతి పోయిన రోజు దామోదర్ కాళ్ళకున్న బూట్లు నూరుల్లా కుట్టినవే. అప్పటిదాకా ఆ కాళ్ళు బూట్లు ఎరగవు.

"రాత్తా, కూర్చో. మామ రాలేదా?"

"యాడ వస్తాడప్పా. మంచం దిగేదే లేదు." ఆమె కుర్చీలో కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకుంది. "కుడికాలు బొటనవేలు షుగరుకు నల్లబడిపోయినాది. సన్మానం నాడు నీకు సెప్దామనుకున్యాడు, నీ సుట్టూ జనం. సెప్పలేక వచ్చేసినాడు."

"డాక్టరుకు చూపించలేదా?"

"సూపిస్తిమి. మదనపల్లెలో. ఏలు తీసేయాల అన్న్యాడు. ఇప్పుడు తీస్తే ఏలుతో పోతాది, నాన్చినారంటే పాదమే పోతాది అన్న్యాడు. రేపు సోమారం అడ్మిట్ కమ్మన్యాడు. ఈయన పోనంటాండాడు."

"ఎందుకత్తా? అట్ల చేస్తే ఎట్ల?"

కమరున్నీసా అతని వైపు కాస్త వింతగా చూసింది. అడగాల్సిన అవసరమే లేనిది అడిగాడనిపించింది ఆమెకు.

"యాల అంటావేంది నాయనా. నీ చెప్పులు వస్తాండాయి గదా."

మంచినీళ్ళు తెస్తున్న సుమలత గది మధ్యలో ఆగిపోయింది.

కమరున్నీసా సంచిలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి ఒళ్ళో విప్పింది. లోపల ఒక జత తోలు చెప్పులు. గోధుమరంగు తోలు, పక్కల మెత్తటి అస్తరు, వెడల్పాటి పట్టీలు. కొత్త తోలు వాసన గదంతా పరుచుకుంది. ఆమె కుడికాలి చెప్పును తిప్పి మడమ దగ్గర పై అట్టను వేలితో పక్కకు నెట్టింది. కింద అగ్గిపెట్టె పట్టేంత గుంత ఉంది. గుంత నాలుగు అంచులకూ పాత ఉన్నిగుడ్డ అంటించి ఉంది. దాని పక్కన తీగ పోయేందుకు సన్నని బెజ్జం.

"మంచం మిందే కూసోని కుట్న్యాడు. మిషను పెట్టే గుంత ఇది. ఒరుసుకోకుండా గుడ్డ అంటించినాడు. ఇంకా పెద్దది కావాలంటే తోడిస్తాడంట. నీ మిషను ఎంతుంటాదో ఈయనకు తెలీదు గదా, అందాజుగా తోడినాడు." ఆమె చెప్పును రెండు చేతులతో దామోదర్ ముందుకు చాపింది. "నువ్వు పెట్టిస్తే, ఈ పొద్దే తీసకపోతాను."

దామోదర్ చేతులు చాచక తప్పలేదు. చెప్పు అతని చేతుల్లోకి వచ్చింది. అతను ఆ గుంతలోకి చూశాడు. చిన్న గుంతే. అందులో పెట్టడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఆ దరఖాస్తులో మొదటి పేజీ దాటి అతను చదవనైనా లేదు. ఇక్కడే, ఈ క్షణమే నిజం చెప్పేస్తే అయిపోయేది. కానీ పాఠం చెప్పే నోటికి ఖాళీగా ఉండడం చేతకాదు.

"అత్తా, ఇది... ఇంకా టెస్టింగులో ఉండాది. ఢిల్లీ నుంచి పర్మిషన్లు రావాల. గవర్నమెంటు పని గదా, టైము పడుతుంది."

క్లాసులో పిల్లలు తెలియని ప్రశ్న వేసినప్పుడు వాడే గొంతే అది. సుమలత ఆ గొంతును గుర్తుపట్టింది. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళు పడతాదప్పా?"

"సెప్పలేమత్తా. ఆర్నెల్లు కావచ్చు."

అలా అంటే ఆశ వదిలేసుకుని ఆపరేషన్‌కు పోతారని అతని ఎత్తు. నిజం చెప్పకుండానే మామ కాలు దక్కుతుంది, తన పరువూ దక్కుతుంది. ఎంత చదివినా మనిషికి ఇలాంటి లెక్కలే ముందు తడతాయి. కమరున్నీసా వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత ఆమె ముఖం తేటపడింది.

"ఆర్నెల్లే గదా. ఆగుతాములే. మూడేండ్లు అంటావేమో అని భయపడ్తి. ఆయనకు నువ్వు సెప్పినావని సెప్తే సాలు, ఓర్చుకుంటాడు." బుర్ఖా లోపలి నుంచి చిన్న ఫోను తీసింది. "రేపు రాలేమని, డాక్టరు కాడుండే నర్సమ్మకు సెప్పేస్తాను. పాపం, మా కోసం మంచం పట్టి పెట్టింటాది."

ఆమె కళ్ళు చికిలించి నంబరు వెతుకుతోంది. దామోదర్ ఆమె వేలి వైపే చూస్తున్నాడు. ఆ చెప్పు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"అమ్మా, ఆగండి. ఫోన్ చేయొద్దు" అంది సుమలత.

కమరున్నీసా తలెత్తింది. సుమలత ఆమె వైపు చూడలేదు, భర్త వైపే చూస్తోంది.

"మీరు చెప్తారా? నన్ను చెప్పమంటారా?"

"సుమా, లోపలికి రా, మాట్లాడదాం."

"లోపల మాట్లాడేది అయిపోయింది. ఆరోజు నాతో చెప్పినప్పుడు, ఎవరికీ నష్టం లేదు కదా అన్నారు. పేరే కదా అన్నారు. నేనూ సరేలే అని ఊరుకున్నాను, నా తప్పూ ఉంది. ఇప్పుడు ఈమె ఫోన్ చేస్తే ఆయన పాదం పోతుంది. చెప్పండి."

గొంతు పెంచలేదు. స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి, గొంతు పెంచకుండానే మాట నిలబెట్టడం ఆమెకు అలవాటు. దామోదర్ కుర్చీలో కూర్చున్నాడు. చెప్పును ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"అత్తా, ఆ చెప్పులు లేవు."

"లేవంటే? అమ్ముడుపోయినాయా?"

"చేయనేలేదు. నేను చేయలేదు, ఇంకెవురూ చేసినట్టు లేదు. నేనెప్పుడూ కంటితో చూడలేదు."

"పేటెంటు ఉండాదంటిరి గదప్పా?"

"పేటెంటు అంటే వస్తువు కాదత్తా. కాగితం. అది కూడా ఇంకా రాలేదు. దరఖాస్తు పెట్టినారు, అది అచ్చయింది. అంతే. పేపరోళ్ళు వచ్చేసిందని రాసేసినారు. నేను కాదనలేదు."

కమరున్నీసాకు ఇంకా ఆశ పోలేదు.

"కాగితమైతే కాగితమేలే. ఎట్ల చేయాల్నో నువ్వు రాసింటావు గదా. అది మా ఆయనకు సెప్పు. ఆయన చేస్తాడు."

"నేను రాయలేదత్తా."

"మరి ఎవురు రాసినారు?"

"నాకు తెలీదు."

"నీ పేరు ఉండాది గదా నాయనా. నా కండ్లతో సూస్తి. ఫ్లెక్సీలో అంత పెద్దగా ఏసినారు."

ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు. చివరి గుడ్డ కూడా తానే విప్పుకోవాలి. దామోదర్ నేల వైపు చూస్తూ అన్నాడు.

"పేరు కొనుక్కున్యానత్తా. ప్రమోషన్ కోసం. ఆ యంత్రాలన్నీ అంతే. టమోటాది, గాజుది, హెల్మెట్‌ది. ఒక్కటి కూడా నాది కాదు."

వీధిలో ఎవరో బండికి కిక్కులు కొడుతున్నారు. అది స్టార్ట్ కావడం లేదు. కమరున్నీసా చేతిలో ఫోను వెలుతురు ఆరిపోయింది. ఆమె తిడుతుందని దామోదర్ ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. నాలుగు తిట్లు పడితే మనిషికి కొంచెం ఊపిరాడుతుంది. ఆమె తిట్టలేదు.

"అట్ల కూడా అమ్ముతారా అప్పా, పేర్లు?"

"అమ్ముతారు."

"మీ కాలేజీలో అందురూ అంతేనా?"

అవునంటే కొంత బరువు దిగుతుంది. చాలామంది కొన్నారు, నిజమే. కానీ ఇద్దరు ముగ్గురు సొంతంగా చేసినవాళ్ళూ ఉన్నారు. నాలుగేళ్ళుగా చిన్న గదిలో వేరుశనక్కాయలు ఒలిచే యంత్రంతో కుస్తీ పడుతున్న గోవిందస్వామి అనే అతను ఉన్నాడు. అతని యంత్రాన్ని చూసి స్టాఫ్ రూములో నవ్విన వాళ్ళలో దామోదర్ కూడా ఉన్నాడు.

"అందరూ కాదు" అన్నాడు.

ఆమె లేచి దామోదర్ ఒళ్ళోంచి చెప్పు తీసుకుంది. విడిపోయిన పై అట్టను వేలితో సరిచేసి గుంతను మూసింది. రెండు చెప్పులూ జోడించి మళ్ళీ పేపర్లో చుట్టింది. ఆ పేపర్లోనే ఎక్కడో లోపలి పేజీలో దామోదర్ ఫోటో ఉందని అతను అప్పుడు గమనించాడు. నూరుల్లా దాచుకున్న పేపరు అది.

"నాకే సిగ్గయితాంది నాయనా" అంది కమరున్నీసా. "చదువుకున్న డాక్టరు ముందర కూసోబెట్టి సెప్తే ఇనలేదు. మా దామూ చేస్తాండాడు, మీకు తెలీదు అని ఆయనతోనే వాదులాడితి. నర్సమ్మ నవ్వితే కోపం చేసుకుంటి. ఇప్పుడు ఏ మొగంతో పోయేది ఆడికి?"

దామోదర్‌కు ఆ మాట తగిలినట్టు ఇంతవరకు ఏ మాటా తగల్లేదు. సిగ్గు తనది. తన సిగ్గును ఈమె మోస్తోంది. ఏ తప్పూ చేయని మనిషి, నమ్మడం తప్ప ఏమీ చేయని మనిషి, తలవంచుకుని సంచి ముడి వేసుకుంటోంది.

"నేనూ వస్తానత్తా. మామకు నేనే సెప్తాను. రేపు నేనే దగ్గరుండి ఆస్పత్రిలో చేర్పిస్తాను."

"నువ్వే సెప్పాల. నేను సెప్తే నమ్మడు. నీ మింద సాడీలు సెప్తాండానని నన్నే అరుస్తాడు."

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "దామూ కూడా వస్తాండాడు, కార్లో" అని మాత్రం చెప్పింది. అవతల నుంచి నూరుల్లా గట్టిగా ఏదో అన్నాడు, నవ్వాడు. ఆమె మరేమీ చెప్పలేక పెట్టేసింది.

*

కారు కుప్పం దాటి వి.కోట వైపు పోతోంది. సుమలత ముందు సీట్లో, కమరున్నీసా వెనక సీట్లో సంచిని ఒళ్ళో పెట్టుకుని. దామోదర్ కళ్ళు రోడ్డు మీదున్నాయి, నోట్లో మాత్రం ఒక్క మాటే నలుగుతోంది. మామా, అది అబద్ధం. మామా, ఆ చెప్పులు లేవు, రేపు ఆస్పత్రికి పోదాం. ఏ వరుసలో పెడితే తక్కువ సిగ్గుగా ఉంటుందా అని అటూ ఇటూ మార్చి చూసుకుంటున్నాడు. ఏ వరుసలో పెట్టినా ఒకేలా ఉంది.

పలమనేరు దగ్గర టీకి ఆపారు. కమరున్నీసా కారు దిగలేదు. టీ గ్లాసు కిటికీలోంచి అందిస్తూ దామోదర్ గొంతు తగ్గించాడు.

"అత్తా, ఒక్క మాట. మామకు సెప్తాను. కానీ అమ్మకు మాత్రం తెలియనీయొద్దు."

"అత్తమ్మకూ చెప్పాల్సిందే" అంది కారు దిగి అతని వెనకే నిలబడ్డ సుమలత.

"చెప్తాను, చెప్పనని కాదు. కొన్నాళ్ళు పోనీ. ఆ వీధిలో ఆమె ఎట్లా తిరుగుతుంది? ఫ్లెక్సీ ఇంకా దించలేదు. పొద్దున లేచి దాని ముందరే ముగ్గేసుకుంటుంది. మామ కాలు ముఖ్యం, అది చూద్దాం. అమ్మ ఆరోగ్యంగానే ఉంది, ఆమెకు ఇప్పుడు తెలియకపోతే ఏం నష్టం?"

ఎవరికీ నష్టం లేదు కదా. ఈ మాట ఇంతకుముందు కూడా అన్నాడని సుమలత గుర్తు చేయలేదు. చూసిన చూపే సరిపోయింది. కమరున్నీసా టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, "నా నోట్లోనుంచి రాదులే అప్పా" అంది. "పూలమ్మకు నేనెట్ల సెప్తాను. నాకు నోరొస్తాదా."

దామోదర్‌కు కొంచెం ప్రాణం కుదుటపడింది. ఒక్కరికి చెబితే చాలు. నూరుల్లా మామ కోప్పడతాడు, మాట్లాడటం మానేస్తాడు, అయినా వేలుతో పోతుంది. అమ్మ మాత్రం ఆ వీధిలో తల ఎత్తుకునే తిరుగుతుంది. పుంగనూరు వచ్చేదాకా ఈ బేరమే తనతో తాను ఆడుకుంటూ బండి నడిపాడు. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆ దారిలో ఒకచోట అతను ఈల కూడా వేయబోయి ఆగాడు.

*

నూరుల్లా ఇంటి ముందు గదే అతని అంగడి. గోడలకు చెక్క అచ్చులు వేలాడుతుంటాయి, మూలన తోలు ముక్కల గోతం. కారు ఆగిన చప్పుడుకు లోపలి నుంచి గొంతు వినిపించింది.

"వచ్చినాడు. నేను సెప్తి గదా, కారేసుకోని వస్తాండాడని. రారా అల్లుడా, లోపలికి రా. గుంత సరిపోయినాదా?"

దామోదర్ గడప దగ్గర చెప్పులు విడిచాడు. కూడగట్టుకున్న మాటను నాలుక చివర పెట్టుకుని లోపలికి అడుగు పెట్టాడు. ఎండలోంచి వచ్చిన కళ్ళకు గది చీకటిగా తోచింది.

నూరుల్లా మంచం దిగి నేల మీద కూర్చుని ఉన్నాడు. గుడ్డలు చుట్టిన కుడికాలిని దిండు మీదికి చాపుకున్నాడు. గడ్డం మరీ తెల్లబడింది, ముఖం పీక్కుపోయింది, కళ్ళు మాత్రం పండగ రోజున్నట్టు మెరుస్తున్నాయి. అతని ముందు న్యూస్‌పేపరు పరిచి ఉంది. చేతిలో పెన్సిలు. కొత్త చెప్పులకు కొలత తీసుకునేటప్పుడు కాలిని కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీయడం అతని పద్ధతి. ఇప్పుడూ గీస్తున్నాడు. కాగితం మీద ఒక ఆడమనిషి పాదం ఉంది. వంకర తిరిగిన వేళ్ళు, పగుళ్ళ మడమ, మడమ చుట్టూ కట్టిన చీరపేలిక.

పాదం నుంచి పైకి చూశాడు దామోదర్.

స్టూలు మీద పూలమ్మ కూర్చుని ఉంది. సన్మానానికి కట్టిన చీరే కట్టుకుంది.

"కదలొద్దంటాండాడు మీ మామ" అంది కొడుకును చూసి నవ్వుతూ. "కదిల్తే కొలత తప్పుతాదంట. అన్న ఫోన్ చేసినాడు, దామూ మిషనేసుకోని వస్తాండాడు, నువ్వూ రామ్మా, నీ కొలత కూడా తీసేస్తానని. మదనపల్లెలో బస్సు రెడీగా ఉండె, ఎక్కేస్తి."

"అమ్మా, కాలికేమైంది?"

"ఏం లేదు నాయనా."

"ఆ గుడ్డ ఏంది?"

పూలమ్మ కొంచెం సిగ్గుపడింది. చిన్నపిల్ల తప్పు చేసి దొరికినట్టు నూరుల్లా వైపు చూసింది. అతనే అందుకున్నాడు.

"సన్మానం పొద్దు స్టేజీ ఎక్కింది గదరా. ఫ్లెక్సీ కట్టిన కట్టెకు మేకు ఉన్నింది. అది దిగబడినాది మడమలో. ఈమెకు తెలీనే తెలీలేదు, తిమ్మిరి గదా. ఇంటికి పోయి చీరకు నెత్తురు సూసుకునిందంట. నీకు సెప్పొద్దని నా కాడ ఒట్టేయించుకునింది."

"నువ్వు మైకులో మాట్లాడ్తాంటివి నాయనా. ఆ సంబరంలో నొప్పి యాడ తెలుస్తాది" అంది పూలమ్మ.

గడపలో నిలబడ్డ కమరున్నీసా చేతిలో సంచి జారి నేల మీద పడింది. ఎవరూ అటు చూడలేదు. సుమలత గబగబా వచ్చి అత్తగారి కాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ దగ్గర ముక్కు పెట్టాల్సిన పనిలేదు. తోలు వాసన మధ్యలోంచి ఇంకో వాసన అప్పటికే వస్తోంది.

"అత్తమ్మా, డాక్టరుకు చూపించారా?" అంది సుమలత.

"డాక్టరెందుకమ్మా. ఊరికే ఖర్చు. మార్కెట్లో నా జతలో కాయలేరే ఆమె కూడా పోదాంరా అని పోరింది. నేనే వద్దంటి. నా కొడుకు చేసినవి ఉండగా ఇంకొకరి కాడికి పోతే వానికెంత నామోషీ అంటి."

కుప్పం నుంచి కూడగట్టుకుని తెచ్చిన మాట దామోదర్ నోట్లోనే ఉంది. అది ఒక్క కాలికి సరిపడా సిద్ధం చేసుకున్నది. నూరుల్లా పెన్సిలు ఎత్తి, గీత పూర్తయిందన్నట్టు తల ఊపాడు. కాగితం మీద అమ్మ పాదం గీత ముగిసింది, మడమ దగ్గర మేకు దిగిన చోట అతను చిన్న సున్నా చుట్టాడు.

"అమ్మా" అన్నాడు దామోదర్. "అమ్మా, నేను ఆ పొద్దు స్టేజీ మీద అన్న మాట..."

"ఆ మాటే గదరా నేను రోజూ తలుసుకునేది." పూలమ్మ వంగి మడమ మీది ముడి విప్పసాగింది. గుడ్డ చివరి మడత పుండుకు అంటుకుపోయి ఉంటే, నొప్పి తెలియని కాలు కాబట్టి, గట్టిగా లాగేసింది. పాదాన్ని కొడుకు వైపు తిప్పి పెట్టింది. "నా కాళ్ళు సూసే కనిపెట్టినానంటివి గదా నాయనా. ఇదో. సూడు."